అమ్మ చుక్క పక్కన

మా ఆడబిడ్డ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పని చేసేది. చీరలు అమ్మడం కాదు, మడతపెట్టడం. కొనడానికి వచ్చినవాళ్ళు ఇంతెత్తు కుప్ప విప్పించుకుని, ఏదీ నచ్చలేదని లేచిపోతారు కదా, ఆ కుప్పలోంచి ఒక్కొక్కటే తీసి, అంతకు ముందెవరూ చెయ్యి పెట్టలేదన్నట్టు మడిచి అరలో సర్దాలి. ఆ పనిలోనే ఆమె వయసంతా గడిచిపోయింది. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోతే మన్సూరాబాద్‌లో పుట్టింటికి, అంటే మా ఇంటికి, తిరిగి వచ్చేసింది. పిల్లలు లేరు. మళ్ళీ చేసుకోమని ఎంత చెప్పినా వినలేదు. నేనూ ఆమే ఒకే వంటింట్లో పోట్లాడుకుంటూ, అలిగి మళ్ళీ ఒకే కంచంలో తింటూ ముసలివాళ్ళమైపోయాం.

ఆమె పిట్టల సంగతి రాద్దామని కూర్చున్నాను. నాకు పెద్ద చదువు లేదు. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు అసలు రాదు. కానీ చూసిందీ విన్నదీ మర్చిపోయే రకం కాదు నేను. కాదనే అనుకునేదాన్ని.

కిడ్నీలు పని చేయడం లేదని డాక్టర్లు చెప్పాక ఆమె దుకాణం మానేసింది. రోజు విడిచి రోజు ఎల్బీ నగర్‌లో దవాఖానకు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఇంట్లో ఉన్న రోజు ఆమెకు పొద్దు పోయేది కాదు. చేతులు ఊరికే ఉంటాయా? నా చీరలు, పక్కింటివాళ్ళ చీరలు, ఆరేసిన దుప్పట్లు అన్నీ దుకాణంలోలాగే అంచులు కలిపి మడతపెట్టేది. అవీ అయిపోతే దాబా మీదికి పోయి నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చునేది.

దాబా మీది గదిలో అప్పుడు ఒక అమ్మాయి కిరాయికి ఉండేది. గుంటూరు వైపు పిల్ల. కాలేజీలో జంతువుల గురించిన చదువేదో చదువుతుండేది. ఒకనాడు బట్టలు ఆరేస్తూ ఆ అమ్మాయే కదిలించింది.

"ఖాళీగానే ఉన్నారుగా పిన్నిగారూ, ఆ వైరు మీద వాలినవి ఏం పిట్టలో చెప్పండి చూద్దాం."

"పిట్టలల్ల చెప్పనీకి ఏమున్నది? గది గోరింక. గా తలకాయ మీద కుచ్చున్నది పిగిలిపిట్ట. గా దొంగమొఖంది పావురం. మా ఒదినె ఎండవోసిన మిరపకాయలల్ల రెట్టలేసేది గదే" అంది మా ఆడబిడ్డ.

అమ్మాయి నవ్వి ఆమె ఫోనులో ఒక యాప్ వేసి ఇచ్చింది. పక్షుల గురించి చదివినవాళ్ళు కొద్దిమందే ఉంటారట. పక్షులేమో ఊరూరా ఉంటాయి. వాళ్ళు అన్ని చోట్లా తిరగలేరు కాబట్టి మనలాంటి మామూలు జనం ఎవరికి కనబడింది వాళ్ళు అందులో పెడితే, ఏ పిట్ట ఎక్కడ తగ్గిపోతోందో, ఎక్కడ పెరుగుతోందో వాళ్ళకు తెలుస్తుందట. ఫోటో తీయాలి, పిట్ట బొమ్మ మీద వేలు పెట్టాలి, ఏదైనా చెప్పదలుచుకుంటే మన భాషలో మన నోటితోనే చెప్పొచ్చు. వెంటనే అందులో ఉన్న పటం మీద, ఆ జాగలో, ఒక నల్ల చుక్క పడుతుంది. తర్వాత ఒక పెద్దమనిషి అది చూసి, సరైనదే అయితే పచ్చ రంగు టిక్కు పెడతారు.

ఆ టిక్కు వెంటనే వచ్చేది కాదు. ఒక్కోసారి మర్నాటికి, ఒక్కోసారి వారానికి. మా ఆడబిడ్డ అన్నం ముందు పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చునేది. ఆ పెద్దమనిషి ఎవరో, ఎక్కడుంటారో మాకు తెలియదు. ఆమే పేరు పెట్టింది, టిక్కు సారు అని.

"టిక్కు సారుకు జరమొచ్చినట్టున్నది ఒదినె. నిన్నటి తేనెపిట్ట గట్లనే ఉన్నది" అనేది.

"పిలిచి కషాయం పోద్దాం తియ్. ముందుగాల అన్నం తిను" అనేదాన్ని.

నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పిస్తారు కదా, ఆ చిన్న విమానాలు అప్పుడప్పుడు మా మీదుగా పోయేవి. ఒకసారి ఆమె దాని ఫోటో తీసి పంపింది. "సారూ, గీ పిట్ట పొద్దున్నుంచి తిరుగుతనే ఉన్నది, గుడ్లు ఏడ పెడ్తదో చెప్పుండ్రి" అని చెప్పింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. "ఈ పక్షిని గుర్తించలేకపోయాను. గూడు కనబడితే తెలియజేయగలరు." అది చదివి ఆమె నవ్విన నవ్వుకు పక్కింటామె గోడ మీది నుంచి తొంగి చూసింది. కిడ్నీలు పాడయ్యాక ఆమె అట్లా నవ్వడం అదే మొదలు.

ఇట్లా నడుస్తుండగా మా అత్త పోయింది.

మా వైపు మనిషి పోయిన మూడో నాడు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో వడ్డించి, పిట్టకు పెడతాం. అందరం దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందా, మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ చిన్న కొడుకును చూసుకుంటాం, నీ బర్రెను అమ్మం, అని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక ముడుతుంది.

మేం చెరువు కట్ట మీద పెట్టాం. మా మామకు అక్కడే పెట్టాం, అప్పుడు ఆకు కింద పెట్టనిస్తే కదా కాకులు! ఇప్పుడు కట్ట చుట్టూ అపార్టుమెంట్లు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. మా అత్త కోరికలు ఏమేం ఉండొచ్చో అన్నీ గుర్తు చేసుకుని అన్నీ ఒప్పుకున్నాం. కాకి వస్తే కదా ముట్టడానికి! కాకే లేనిచోట ఎవరికి ఒప్పుకోవాలి?

అప్పుడు మా ఆడబిడ్డ కండ్లు తుడుచుకుని ఫోను తీసింది. పటం తెరిచి, వేలితో జరుపుకుంటూ పోయి చెప్పింది.

"అన్నా, కొత్తపేట పండ్ల మార్కెట్ వెనుక గోడ కాడ కాకులు మస్తున్నయని ఇయ్యాల పొద్దుగాల ఎవరో పెట్టిండ్రు. ఆటో పిలువు."

మా ఇంటాయన, ఆమె అన్న, మండిపడ్డాడు. "పిట్టకు పెట్టనీకి ఆటోల పోతరా ఎవరన్న?"

"బస్సుల పోదామా? అమ్మకు బస్సెక్కితె కక్కులైతుండె" అంది ఆమె.

చావింట్లో నవ్వకూడదు గానీ అందరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం. ఆకును తాంబాళంలో పెట్టుకుని, ఒళ్ళో పట్టుకుని ఆటోలో పోయాం. మార్కెట్ వెనుక హమాలీలు సంగతి తెలుసుకుని పక్కకు జరిగి, బీడీలు పారేసి చేతులు కట్టుకున్నారు. ఆకు కింద పెట్టామో లేదో, గోడ మీది నుంచి ఒక కాకి దిగి బోటి కూర ముట్టింది. మా ఇంటాయన గోడకు తలానించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మా ఆడబిడ్డ మాత్రం ముందు ఫోటో తీసింది. తీసి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పింది, "మా అమ్మ. మూడొద్దులు. బోటి కూర ముట్టింది." పటం మీద పండ్ల మార్కెట్ వెనుక ఒక నల్ల చుక్క పడింది.

ఆ సంగతి కాలనీలో పాకిపోయింది. మూడో నాడు కాకి రాకపోతే మా ఇంటికి మనిషి వచ్చేవాడు. "కాకులక్కా, ఏడున్నయో జర ఫోన్ల చూడరాదు" అని. ఆమె చూసి చెప్పేది. ఒంట్లో బాగుంటే తానే పోయేది. సైదాబాద్ నుంచి కూడా వచ్చి అడిగినవాళ్ళు ఉన్నారు. ముట్టిన ప్రతిసారీ ఫోటో తీసి, ఎవరి తాలూకు, ఏది ముట్టింది, చెప్పి పెట్టేది. మా గల్లీ కిరాణా కొట్టాయన, కుట్టుమిషను ఆమె తల్లి, రెండేండ్ల పిల్లను పోగొట్టుకున్న జంట... ఆ పిల్లకు బిస్కెట్లు పెట్టారు. అందరివీ అందులో చుక్కలున్నాయి. మాకు తెలిసినంతలో యాప్ అందుకే ఉందన్నట్టు అయిపోయింది.

ఒకరోజు టిక్కు సారు నుంచి పెద్ద జవాబు వచ్చింది. అమ్మాయి చదివి వినిపించింది. మీరు పెడుతున్న కాకుల ఫోటోలలో అన్నం, గుడ్డు, మాంసం కనబడుతున్నాయి, మేత వేసి పిలిచిన పక్షులను లెక్కలో చేర్చకూడదు, దయచేసి గమనించగలరు, అని.

మా ఆడబిడ్డ ముఖం చిన్నబోయింది. సాయంత్రం ఫోను తీసుకుని ట్యాంకు చాటుకు పోయి చెప్పింది. నేను మెట్ల మీద నిలబడి విన్నాను.

"సారూ, గది మేత గాదు. మా అమ్మ సారూ గది. గండ్ల ఉన్నోళ్ళంత మా కాలనీల సచ్చిపోయినోళ్ళు. మీరు లెక్కల తీస్కోకున్న సరే, తుడపకుండ్రి."

వారం దాకా జవాబు లేదు. వచ్చింది చూస్తే రెండు ముక్కలు. "మా నాన్నగారికి కూడా ఇలాగే పెట్టాం. తుడవను. వేరే రంగులో పెడతాను."

ఆ రోజు నుంచి కాకి చుక్కలు పసుపు రంగుకు మారాయి. మిగతా పిట్టలు నల్ల చుక్కలు, మా వాళ్ళు పసుపు చుక్కలు. పటం చిన్నగా చేసి చూస్తే మన్సూరాబాద్ నుంచి కొత్తపేట దాకా పసుపు చల్లినట్టుండేది. "సూడు ఒదినె, ఎంత ముద్దుగున్నదో" అని మురిసిపోయింది మా ఆడబిడ్డ. ఆయన చేసిన మంచి పని అది. ఇప్పటికీ మంచి పనే అంటాను.

కొన్నేండ్లు గడిచాయి. పండ్ల మార్కెట్‌ను ఊరి బయటికి తీసుకుపోయారు, దానితో కాకులూ పోయాయి. అమ్మాయి చదువు అయిపోయి విజయవాడలో ఉద్యోగంలో చేరింది. యాప్ కూడా ఎందుకో నీరసపడింది. పటం తెరుచుకోవడానికి ఒక వంట అయ్యేంత సేపు పట్టేది. టిక్కులు నెలలకు గానీ వచ్చేవి కావు. చివరికి ఒకనాడు ఇంగ్లీషులో ఏదో వచ్చింది. దాని ఫోటో అమ్మాయికి పంపితే, ఆ పిల్ల ఫోను చేసి చెప్పింది.

"యాప్ మూసేస్తున్నారు పిన్నిగారూ. దానికి డబ్బులిచ్చే సంస్థ ఇవ్వడం ఆపేసిందట. కంప్యూటర్లకి నెలనెలా అద్దె కట్టాలిగా మరి."

"కిరాయి కట్టకుంటె ఖాళీ చెయ్యమంటున్నరా? ఇండ్ల లెక్కనే ఉన్నదా గిది?"

"అంతేనండీ. పని చేసేవాళ్ళందరూ ఊరికే చేస్తున్నవాళ్ళే. మీ టిక్కు సారుకి కూడా జీతం లేదు."

"అయ్యో! జీతం లేకుంటనే గన్ని పిట్టలు చూసిండా సారు? మరి నా చుక్కలో?"

"చుక్కలు భద్రమేనండీ. ఇంకో పెద్ద సంస్థ అన్నీ తీసుకుని దాస్తుందట. కానీ అక్కడ మనం కొత్తవి పెట్టడానికి ఉండదు. ఉన్నవి ఉంటాయి, అంతే."

ఫోను పెట్టేశాక ఆమె చాలాసేపు ఒక టవలు మడతపెట్టింది. మడిచిందే విప్పి మళ్ళీ మడిచింది.

"నేను ముందుగాల పోతనా, గిది ముందుగాల పోతదా ఒదినె?"

"నీ నోరు పడ. ఏం మాటలే గవి?"

"గట్ల గాదు. గిది మూసెయ్యక ముందే నేను పోతె, నాది కూడ గండ్ల పెట్టొచ్చు గద. అమ్మ చుక్క పక్కన."

నేను కసిరాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. దుకాణంలో బేరం తెగినాక చీర మడుస్తూ మాట్లాడినట్టే, నా ముఖం చూడకుండా చెప్పుకుపోయింది.

"నాకేమున్నది చెప్పు. నీకు కొడుకులు, మనుమలు. నా ఫోటో గోడకు ఎన్నొద్దులుంటది? సున్నం వేసినప్పుడు దింపుతరు, మళ్ళ పెట్టరు. మా ఆయనది గట్లనే పోయింది. గా చుక్కైతె ఎవ్వలికీ అడ్డముండదు. ఎట్లనన్న చేసి నాది పెట్టియ్యి ఒదినె."

నేను అవునని అనలేదు, కాదని అనలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వచ్చాను. పాలు నిజంగానే పొంగుతున్నాయి.

యాప్ ముందుగా పోయింది. ఒకనాడు తెరిస్తే తెల్లగా వచ్చింది. మధ్యలో చిన్న చక్రం తిరుగుతూ ఉంది, ఎంతసేపైనా అదే. ఆమె కొన్నాళ్ళు పొద్దున్నే దాబా మీదికి పోయి, ఫోటోలు తీసి, దిగి వచ్చేది. తర్వాత ఫోటోలు మానేసింది. తర్వాత పోవడం మానేసింది. వంటింట్లో కిటికీ అవతల ఏదో పిట్ట కూస్తుంటే, "గదేం పిట్టనే?" అని అడిగాను, కావాలని. "ఏమో ఒదినె" అంది. ఆమెకు తెలియని పిట్టా! అప్పుడు భయమేసింది నాకు. రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఎల్బీ నగర్ పోవడం మాత్రం మానలేదు. అది కూడా పోవాలి కాబట్టి పోయేది.

ఆ వానాకాలం దాటలేదు ఆమె. చివరి రోజుల్లో ఒకసారి, "చుక్కలన్ని మంచిగున్నయట గద?" అంది. "మంచిగున్నయట. అమ్మాయి చెప్పింది గద" అన్నాను. ఆ మాట నమ్ముకునే పోయింది. నేనూ నమ్మే చెప్పాను.

మూడో నాడు చెరువు కట్ట మీదే పెట్టాం. డాక్టర్లు వద్దన్నవన్నీ వండాను. మామిడికాయ తొక్కు, ఉప్పు సరిగ్గా వేసిన పప్పు, అరటిపండు, కొబ్బరి నీళ్ళు. అన్నింటికన్నా ముందు పెద్ద గ్లాసు నిండా నీళ్ళు పెట్టాను. కిడ్నీ జబ్బువాళ్ళు నీళ్ళు కొలుచుకుని తాగాలి. ఎండాకాలంలో ఆమె ఐసు ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని, మేం గటగటా తాగుతుంటే చూస్తూ కూర్చునేది.

కాకి రాలేదు. ఎక్కడుందో చూసి చెప్పే మనిషి ఆకు అవతలికి పోయింది. పటమూ లేదు.

అందరూ ఒప్పుకోవడం మొదలుపెట్టారు. మా ఇంటాయన, "నీ చీరల పెట్టె ఎవ్వలు ముట్టరు చెల్లె" అన్నాడు. నా పెద్ద కొడుకు, "అత్తా, నీ ఫోటో తియ్యం, సున్నం వేసినా తియ్యం" అన్నాడు. ఆ మాట వాడికి నేనే చెప్పి ఉన్నాను. అయినా రాలేదు. కట్ట కింది ఆవు ఒకటి ఇటే చూస్తోంది.

మా పెద్దాడబిడ్డ, నాదర్‌గుల్‌లో ఇచ్చిన ఆమె, నా వైపు తిరిగింది. "నువ్వేమన్నా ఒప్పుకున్నవానె? దాని మనసుల మాట నీకే ఎర్క. చెప్పు."

నాకు తెలుసు. అందుకే నోరు రాలేదు. చుక్క పెడతానని ఎట్లా చెప్పాలి? పెట్టడానికి జాగ ఏదీ? బతికున్నప్పుడు కూడా ఆమెతో అబద్ధం ఆడి తప్పించుకున్నదాన్ని కాదు నేను.

"ఏందే గట్ల నిలబడ్డవు? ఏమడిగింది నిన్ను?"

"ఫోన్ల అమ్మ చుక్క పక్కన తన చుక్క పెట్టుమన్నది."

"గంతేనా! గదొక పెద్ద పనా?" అని, నన్ను చెయ్యి పట్టుకుని ముందుకు గుంజి, చెరువు వైపు గొంతెత్తి కేకేసింది. "చెల్లే, మీ ఒదినె పెడ్తదంట! అమ్మ పక్కన్నే పెడ్తదంట! రాయే, ఎండకు సస్తున్నం!"

వచ్చింది. అవతలి అపార్టుమెంటు రేకుల షెడ్డు మీది నుంచి ఒక కాకి లేచి, చుట్టూ తిరగకుండా నేరుగా దిగింది. పప్పు ముట్టలేదు, తొక్కు ముట్టలేదు. గ్లాసులో ముక్కు పెట్టి నీళ్ళు తాగింది. తల ఎత్తి మింగి, మళ్ళీ తాగింది.

"సూసినవా? నువ్వు ఒప్పుకుంటె ఒచ్చింది" అంది పెద్దాడబిడ్డ, ఏడుస్తూ. నేను ఒప్పుకోలేదని ఎవరికి చెప్పను? నా పేరు మీద మాట పోయింది, కాకి నమ్మింది. కొంగులో ఉన్న ఆమె ఫోను తీసి ఫోటో ఒకటి తీశాను.

అది అట్లాగే ఉండిపోయింది. దినాలన్నీ అయ్యాక విజయవాడ అమ్మాయికి ఫోను చేశాను. "ఎట్లనన్న చెయ్యి బిడ్డా, గా దాచినోళ్ళకు చెప్పి ఒక్క చుక్క పెట్టియ్యి. ఒక్కటే" అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. పెట్టడానికి వీలుండదేమో కానీ అడుగుతానంది. తన కంప్యూటర్‌లో ఆ పెద్ద సంస్థ పటం తెరిచి చూసింది.

"ఏంది, మా అత్త చుక్క కనబడ్డదా?"

"మీ దాబా మీద పిట్టలన్నీ ఉన్నాయి అత్తయ్యగారూ. గోరింకలు, తేనెపిట్టలు... నల్ల చుక్కలన్నీ ఉన్నాయి. పసుపువి కనబడట్లేదు. నేను సారుని అడిగి చెప్తాను."

చెప్పడం తన వల్ల కాలేదేమో, ఆయనకే నా నంబరు ఇచ్చింది. ఒక మధ్యాహ్నం టిక్కు సారే ఫోను చేశారు. ఏలూరు వైపు ఉంటారట. పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. గొంతు ముసలి గొంతు. ఇన్నేండ్లూ నేను పడుచు మనిషనుకున్నాను, ఎందుకో.

"అమ్మా, మీ ఆడపడుచు గారు పోయారని అమ్మాయి చెప్పింది. నేను చాలా బాధపడ్డాను. ఆ విమానం ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది."

"సారూ, పసుపు చుక్కలు ఏడికి పోయినయి?"

"తీసుకున్న సంస్థవాళ్ళు లెక్కకు పనికొచ్చేవి మాత్రమే తీసుకుంటామన్నారమ్మా. మేత వేసి పిలిచినవి వద్దన్నారు. ఏవి పనికొచ్చేవో ఒక్కొక్కటీ చూసి ఏరడానికి మనుషులు లేరు, వ్యవధి లేదు. నల్లవి తీసుకోండి, పసుపువి వదిలేయండి అని ఒక్క మాటతో అయిపోయింది. పాత కంప్యూటర్లు ఖాళీ చేశాక మిగిలినవి పోయాయి. నాకు తర్వాత తెలిసింది. వేరే రంగు వేసింది నేనే కదమ్మా. వెయ్యకుండా ఉంటే వాటిలో కలిసి వెళ్ళిపోయేవి. ఎవరూ చూసేవాళ్ళు కాదు."

ఆ ముసలాయన అవతల ముక్కు చీదుకోవడం వినబడింది. నాకు ఆయన మీద కోపం రాలేదు. కోపం ఎవరి మీదికి పోవాలో దానికీ తెలియలేదు. జీతం లేకుండా ఇన్నేండ్లు మా పిట్టలను చూసిన మనిషి.

"మీరు మంచికే చేసిండ్రు సారూ. ఆమె గా పసుపు రంగు చూసి ఎంత మురిసిందో మీకు ఎర్కలేదు" అన్నాను.

"ఎవరెవరివి ఉండేవో మీకేమైనా గుర్తున్నాయా అమ్మా?"

"అన్ని ఎర్కనే."

"చెప్పండి. వింటాను."

దాబా మెట్ల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. మా అత్త, పండ్ల మార్కెట్ వెనుక గోడ, బోటి కూర. కిరాణా కొట్టాయన, సరూర్‌నగర్ చెరువు దగ్గర, మిర్చి బజ్జీ. కుట్టుమిషను ఆమె తల్లి, వాళ్ళ ఇంటి మీదనే, పాయసం. చిన్న పిల్ల, పార్కు గోడ, బిస్కెట్లు. సగం తిని సగం ఎత్తుకుపోయింది. ఒక్కో గల్లీ గుర్తు చేసుకుంటూ ఇండ్ల వెంట నడిచినట్టే చెప్పుకుపోయాను. ఆయన ఊ కొడుతున్నారు. మూలమలుపు దాకా వచ్చి ఆగిపోయాను. అక్కడ పెద్ద గేటు ఇల్లు. ఆ ఇంటాయన లారీ నడిపేవాడు. పోయాడు. పిట్టకు పెట్టారు. మా ఆడబిడ్డ పోయింది, నేనూ పోయాను. అది గుర్తుంది. ఎక్కడ పెట్టారు? ఏది ముట్టింది?

"ఒక్కటి యాదికొస్తలేదు సారూ" అన్నాను.

"పరవాలేదమ్మా, నిదానంగా."

ఆయన ఆగారు, నేను ఆగాను. రాలేదు. ఆ ఇల్లు అమ్ముకుని వాళ్ళు ఎటో వెళ్ళిపోయారు. అడుగుదామన్నా ఇప్పుడు అక్కడున్నది వేరేవాళ్ళు. పటంలో ఉన్నంతకాలం నేను గుర్తుపెట్టుకోవాలని అనుకోలేదు. ఉంది కదా అనుకున్నాను.

ఆ ఇల్లు దాటి మిగతావి చెప్పాను. చివరికి మా ఆడబిడ్డది చెప్పాను. ఆమె చెప్పినట్టే చెప్పాను.

"మా ఆడబిడ్డ. మూడొద్దులు. చెరువు కట్ట మీద, రేకుల షెడ్డు ఎదురుంగ. నీళ్ళు ముట్టింది."

"విన్నానమ్మా" అన్నారు. ఫోను పెట్టేశారు.

వైరు మీద గోరింకలు రెండు కొట్లాడుకుంటున్నాయి. నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని దాని ముఖం చూస్తూ కూర్చున్నాను. పచ్చ టిక్కు ఎప్పుడూ వెంటనే వచ్చేది కాదు.